ఆయన పట్టుకోనివ్వని కాలు

కృత్రిమ కాళ్లు చేసే పనిలో ముప్పై ఏడేళ్లు ఉన్నాను. జనగామలో ఒక ట్రస్టు నడిపే చిన్న కర్మశాలలో చేరి, అక్కడే గడ్డం నెరిసి, అక్కడి నుంచే ఇంటికి వచ్చేశాను. ఈ మధ్య ఆ కర్మశాలలో ముగ్గురు కొత్త పిల్లలు చేరారు. బాగా చదువుకుని వచ్చినవాళ్లు, నా పనిముట్ల పేర్లు నాకంటే చక్కగా పలుకుతారు. "సారూ, మీ అనుభవం నాలుగు ముక్కలు రాసియ్యుండ్రి, మాకు పనికొస్తది" అని అడిగారు.

అచ్చు ఎలా తియ్యాలో, ప్లాస్టర్ ఎంత పలచన ఉండాలో రాయను. అది వాళ్లకు వచ్చు, రాకపోయినా యంత్రాలకు వచ్చు. ఒక్క మనిషి గురించి రాస్తాను. పేరు లాల్‌సింగ్, మాజీ సైనికుడు. పోయిన వానాకాలంలో చనిపోయాడు. ఆయనకు నేను ఏడు ఎడమకాళ్లు చేశాను. ఎనిమిదోది కుడికాలు. దాని అవసరం అసలు రాకూడదు. వచ్చింది, అందులో నా తప్పుంది. నలభై ఏళ్ల స్నేహంలో నాకు మిగిలిన బరువు అదొక్కటే, దించుకుందామని కాదు గాని, మీకు చెప్పకుండా పోతే అది ఇంకో తప్పవుతుంది.

ఎనిమిదో నంబరు బూటు

ఆయన మొదటిసారి వచ్చేసరికి నేను పనిలో చేరి ఏడాది కూడా కాలేదు. మహబూబాబాద్‌లో, అంటే మేమంతా మానుకోట అనే ఊళ్లో, పొద్దటి రైలెక్కి జనగామలో దిగి, చేతికర్ర ఊతంతో నడుచుకుంటూ వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. కుడికాలికి నల్లబూటు, అందులో ముఖం చూసుకోవచ్చు. గుమ్మంలో నిలబడి నాకు సెల్యూట్ కొట్టాడు. అంతవరకు నాకెవరూ సెల్యూట్ కొట్టలేదు, ఏం చెయ్యాలో తెలియక నేను నమస్కారం పెట్టాను.

ఊరు బయ్యారం దగ్గర ఒక లంబాడా తండా. డెబ్బై ఒకటి యుద్ధంలో, పడమటి సరిహద్దు ఇసుకలో, మందుపాతర మీద ఎడమకాలు వేశాడు. మోకాలి కింద జానెడు మిగిలింది. అప్పుడాయనకు ఇరవై ఏళ్లు. మిలిటరీ ఆసుపత్రిలో ఇచ్చిన కాలు పగిలిపోతే మా దగ్గరికి వచ్చాడు.

కాలు చెయ్యాలంటే మిగిలిన కాలును కూడా కొలవాలి. పాదం పొడవు, పిక్క లావు, మోకాలి నుంచి నేల దాకా ఎత్తు. నేను కింద కూర్చుని ఆయన కుడి బూటు తాడు విప్పబోయాను. ఆయన చెయ్యి వచ్చి నా చేతి మీద పడింది. గట్టిగా కాదు, ఆపడానికి ఎంత కావాలో అంతే.

"గీ కాలు ముట్టకు సారూ."

"కొలత తీసుకోవాలె గదన్నా."

"ఎనిమిదో నంబరు. రాసుకో. ఎత్తు బూటు మీదికెల్లి కొలువు."

మొండికాలును మాత్రం తీసి నా ఒళ్లో పెట్టేశాడు. మరి దీన్నెందుకు పట్టుకోనిచ్చావని అడిగితే నవ్వాడు.

"అది కాలెట్లయితది సారూ? అది నీ సామాను. గిది కాలు. కాళ్లు పట్టుకుంటే దేవునియి పట్టుకోవాలె, అవ్వ బాపులయి పట్టుకోవాలె. నాకు నడక ఇచ్చెటోడివి నువ్వు, నువ్వొచ్చి నా కాళ్లకాడ కూసుంటే నాకు పాపం తగలదా?"

మా ప్రాంతంలో ఇది కొత్త సంగతి కాదు. పెద్దల కాళ్లకు మొక్కుతాం, పొరపాటున ఎవరికైనా మన కాలు తగిలితే తాకి కళ్లకద్దుకుంటాం. మనకు మేలు చేసేవాడి చేత కాలు పట్టించుకోవడం అంటే మనవాళ్లకు ఒళ్లు ముడుచుకుపోతుంది. అప్పుడు నాకు ఆ మాట ముచ్చటగా అనిపించింది. బూటు మీద నుంచే కొలిచాను.

మా గురువు యాదగిరి మేస్త్రీ. అంతకుముందు చెప్పులు కుట్టిన చెయ్యి, మాటలో మెత్తదనం లేని మనిషి. సాయంత్రం నా కొలతల కాగితం చూశాడు.

"బూటు ఇప్పకుండ కొలిచినవా?"

"పెద్దమనిషి, వద్దన్నడు మేస్త్రీ."

"వద్దంటే ఊకున్నవా" అన్నాడు. నేను దాన్ని పట్టించుకోలేదు.

ఎర్రమట్టి అంటని కాలు

ఏడాది తర్వాత ఆయన నేను చేసిన కాలు తొడుక్కుని వచ్చాడు. కాలు కొత్తదానిలా మెరిసిపోతోంది. ఎంత జాగ్రత్తగా వాడుకున్నాడో అని నేను పొంగిపోయాను. మేస్త్రీ ఆ కాలును అటూ ఇటూ తిప్పి, మడమ సందులో గోటితో గీకి, నన్ను పక్కకు పిలిచాడు.

"బయ్యారం మట్టి చూసినవా ఎన్నడన్న? ఇనుపరాయి మట్టి. బట్టకంటితే సబ్బుకు గూడ పోదు. గీ కాలు సందుల గింతన్న ఎరుపున్నదా? గీ మనిషి దీన్ని తొడుగుతలేడు బిడ్డా. పోయి చూసిరా."

మరుసటి వారం తండాకు వెళ్లాను. ముందుగా కబురు చెయ్యలేదు. వాకిట్లో ఆయన భార్య కమ్లి మిరపకాయలు ఎండబోస్తోంది. జనగామ నుంచి వచ్చానని చెప్పగానే కొంగుతో చేతులు తుడుచుకుని, "కాళ్ల సారువా?" అంది. నా కాలు ఎక్కడుందని అడిగాను. లోపలికి తీసుకెళ్లి ట్రంకుపెట్టె తెరిచింది. తువ్వాలలో చుట్టి, కలరా ఉండలు వేసి, పైన ఆయన మెడల్ పెట్టి ఉంది.

"జనగామకు పోయెటప్పుడే తొడుగుతడు సారూ, పెండ్లిబట్టల్లెక్క. రైలు దిగినంక స్టేషన్‌ల కూసొని బిగించుకుంటడట."

ఆయన పొలంలో ఉన్నాడు. తుమ్మకర్రతో తనే చెక్కుకున్న కొయ్యకాలు, అడుగున టైరు ముక్క, తోలుపట్టీలు. దాంతో మోకాలిలోతు బురదలో నిలబడి నాటుకు మడి చదును చేస్తున్నాడు. నన్ను చూసి బడి ఎగ్గొట్టి దొరికిపోయినవాడిలా నిలబడిపోయాడు.

నేను చేసింది బూటు తొడిగితేనే నిలబడే కాలు. ఇంట్లోకి వెళ్లాలంటే బూటు విప్పాలి, విప్పితే మడమ ఎత్తు తగ్గి మనిషి వెనక్కి తూలతాడు. నేల మీద కూర్చుని అన్నం తినలేడు. బురదలో దిగబడితే రాదు. కుర్చీల మీద బతికే మనిషికి చేసిన కాలును, జీవితమంతా నేల మీద గడిపే మనిషికి ఇచ్చి పంపాను.

"బాగలేదని ఒక్కమాట జెప్పొచ్చు గదన్నా."

"నువ్వు ఎంత ఇష్టంగ జేసినవ్ సారూ. నీ మొకం మీద ఎట్ల జెప్పాలె?"

మీరు రాసిపెట్టుకోవలసిన మొదటి మాట ఇది. మనవాళ్లు మర్యాద కోసం అబద్ధం చెప్పరు, నోరు మూసుకుంటారు. మన దగ్గరికి వచ్చిన మనిషి బాగుందని తల ఊపితే బాగున్నట్టు కాదు. ఆయన ఇంటికి వెళ్లాలి, ఆయన ఎక్కడ కూర్చుని తింటాడో చూడాలి.

మేస్త్రీ, నేను కలిసి రెండో కాలు చేశాం. రబ్బరు పాదం, బూటు అక్కరలేదు, ఒట్టికాలితో నడవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. నాలుగు నెలల తర్వాత ఆ కాలు సందుల నిండా ఎర్రమట్టితో వచ్చింది. మేస్త్రీ దాన్ని చూసి, జీవితంలో మొదటిసారి నాకు తన డబ్బుతో చాయ్ తాగించాడు.

జోసెఫ్

ఆ తర్వాత నేను ఆ ఇంటికి లెక్కలేనన్నిసార్లు వెళ్లాను. పని ఉన్నా వెళ్లాను, లేకపోయినా వెళ్లాను.

కమ్లి ఆయన్ని ఆటపట్టించని రోజు లేదు. "ఒంటికాలోడైతే ఊర్లెమ్మట తిరగడు, ఇంటిపట్టున ఉంటడని చేసుకున్న సారూ. రెండు కాళ్లున్నోళ్లే నయం, ఎప్పుడో ఒకప్పుడు ఇంట్ల కూసుంటరు" అనేది. నిజమే, ఆయన ఒకచోట కూర్చునేవాడు కాదు. తండాలో ఎవరికి దవాఖాన పని పడ్డా, ఆఫీసులో కాగితం పని పడ్డా ముందు నడిచేవాడు. ఇంట్లో మాత్రం మాట తక్కువ. కూతురు జ్యోతికి సైకిల్ నేర్పడానికి ఆ రబ్బరు పాదంతో చెరువుకట్ట పొడవునా వెనకాల పరుగెత్తాడు. ఆ ఏడాది పాదం మూడు నెలలకే అరిగిపోయింది. ఏం చేశావన్నా అని నేను కోప్పడితే, "బిడ్డ సైకిల్ నేర్చింది సారూ" అన్నాడు.

చిన్నప్పుడు జ్యోతికి ఒక అలవాటు ఉండేది. బాపు ఊరికి పోకూడదనుకున్న రోజున కాలును తీసుకెళ్లి వడ్ల గుమ్మిలో దాచేసేది. ఆయనకు ఎక్కడుందో తెలుసు. అయినా ఇల్లంతా వెతికినట్టు నటించి, దొరకలేదని మంచం మీద కూర్చుని, ఆ పూట కూతురికి జడ వేసేవాడు.

కొడుకు పేరు జోసెఫ్. లంబాడా తండాలో, గుడికి మొక్కులు తీర్చే ఇంట్లో ఆ పేరేమిటని కొత్తవాళ్లంతా అడిగేవాళ్లు. "మీరు చర్చిల కలిసిండ్రా?" అంటే నవ్వి ఊరుకునేవాడు. నాకు ఒక్కసారి చెప్పాడు, అదీ కాలు బిగిస్తున్నప్పుడు, నా వైపు చూడకుండా.

"జోసెఫ్ అని కేరళోడు. మందుపాతర పేలినప్పుడు నన్ను ఈపున ఏసుకొని ఇసుకల మోసిండు. ఎంత దూరమో నాకు తెల్వది. దవాఖాన బండి ఎక్కిచ్చి, నా బూటు తాడు ఊడితే కట్టి, 'దీన్ని మంచిగ చూసుకో' అన్నడు. రెండో దినం ఆడు పోయిండని చెప్పిండ్రు. ఆని పేరు నా ఇంట్ల రోజూ పిలవాలనిపిచ్చింది."

ఆ మాట విన్నాక ఆ కుడి బూటు అంతగా ఎందుకు మెరుస్తుందో నాకు అర్థమైంది. దానిలో ఉన్న కాలుకు ఆయన ఎంత విలువ ఇస్తాడో కూడా తెలిసింది. ఇంత తెలిసీ నేను ఆ కాలి అరికాలును ఒక్కసారి కూడా చూడలేదు.

ఫొటోకు నిలబడే కాళ్లు

మా ట్రస్టుకు మధ్యలో ఒక కొత్త మేనేజర్ వచ్చాడు. చెడ్డవాడని అనను. ఊరూరా శిబిరాలు పెట్టించాడు, ఇల్లు కదలలేని చాలామందికి కాళ్లు అందాయి. కాని ఆయనకు కావలసింది సాయంత్రానికి ఎన్ని కాళ్లు బిగించాం, ఫొటోలో ఎంతమంది నిలబడ్డారు అన్నదే. నిలబడిన మనిషి ఇంటికి పోయాక నడిచాడా అని ఎప్పుడూ అడగలేదు. మేస్త్రీ అప్పటికి లేడు. ఉంటే మొదటి శిబిరంలోనే గొడవపడి వెళ్లిపోయేవాడు.

నేను గొడవపడలేదు. నాకు చేతివేగం ఎక్కువ, ఆ వేగాన్ని అందరూ మెచ్చుకునేవాళ్లు, ఆ మెప్పు నాకు రుచించింది. మనిషి రాగానే లేని కాలు చూడటం, ఉన్న కాలును వదిలెయ్యడం అలా అలవాటైపోయింది. తప్పు శిబిరానిది కాదు, మేనేజరుది కాదు, నాదే. వాళ్లు తొందరపెట్టారు, నేను తొందరపడ్డాను.

మొగుళ్లపల్లిలో

అప్పటికి లాల్‌సింగ్‌కు అరవై దాటాయి. జోసెఫ్ భూపాలపల్లిలో బొగ్గుగని బండి నడుపుతున్నాడు. మనవరాలి కోసమని ఆయన, కమ్లి కొన్నాళ్లు అక్కడ ఉన్నారు. దగ్గర్లోని మొగుళ్లపల్లిలో మా శిబిరం పడితే జోసెఫ్ బండి మీద ఎక్కించుకుని తీసుకొచ్చాడు.

ఒక బడి వరండాలో బల్లలు వేసుకుని కూర్చున్నాం. బయట వరుస చాలా పెద్దది. ఆయన సెల్యూట్ కొట్టి కూర్చున్నాడు.

"ఎడమకాలు పొట్టిగైనట్టనిపిస్తుంది సారూ. నడక వంకరవోతుంది."

నడిపించి చూశాను. నిజమే, నడక మారింది. ఎడమవైపు ఒరిగి, కుడిపాదాన్ని గబుక్కున ఎత్తేస్తున్నాడు. మీకు ఈ పాటికి అర్థమైపోయి ఉంటుంది. కుడిపాదాన్ని అలా ఎత్తేసే మనిషికి కుడిపాదంలోనే ఏదో ఉంది. నాకు ముప్పై ఏళ్ల అనుభవం ఉంది, నాకు అర్థం కాలేదు. ఎడమకాలు మడమ దగ్గర ఒక పొర వేసి ఎత్తు పెంచాను. లేని కాలును సరిచేశాను.

"షుగర్ ఎట్లున్నదన్నా?"

"గోలీలేసుకుంటున్న."

"కుడికాలు మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది సారూ. నొప్పేం లేదు."

నొప్పి లేదన్నది అబద్ధం కాదు. షుగర్ ముదిరితే పాదానికి నొప్పి తెలియదు. ఆ సంగతి ఆయనకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు. ఇంకోటి కూడా ఉంది. ఆయన కూర్చున్నప్పుడు ఒక వాసన వచ్చింది. తడిసిన తోలు వాసన, దాని కింద పుండు వాసన. నా పనిలో ఆ వాసన తెలియనివాడు ఉండడు.

వంగి బూటు తాడు మీద చెయ్యి వేశాను. ముప్పై ఏళ్ల కింద వచ్చినట్టే ఆయన చెయ్యి వచ్చి నా చేతి మీద పడింది.

"వద్దు సారూ."

మేనేజర్ వరండా చివర నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. వరుసలో ఎవరో విసుక్కున్నారు. నేను లేచాను. నిజం రాస్తున్నాను కాబట్టి ఇదీ రాయాలి. ఆయన వద్దన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. మర్యాద అనే పేరుతో అయిదు నిమిషాలు మిగిలాయి.

అద్దం

నెలన్నర తర్వాత జ్యోతి ఫోన్ చేసింది.

"సారూ, బాపు కాలు నల్లగైంది. వేళ్లు తీసేస్తరట. వేళ్లతోటి పోతదో, ఇంక పైకి పోతదో తెల్వదంటున్నరు."

పైకి పోయింది. మొదట వేళ్లు, తర్వాత పాదం, చివరికి మోకాలి కింద జానెడు ఉంచి మిగతాది తీసేశారు. రెండు కాళ్లూ సరిసమానం అయ్యాయి. బూటు లోపల ఒక మేకు మొన తేలిందట. అది ఎన్నాళ్లు గుచ్చిందో ఆయనకు తెలియలేదు. పుండు కనబడ్డాక పసుపు పెట్టి, ఆకు కట్టి, పైన సాక్స్ తొడిగి, బూటుకు పాలిష్ చేసి, ఆ పాదం మీద బరువు ఆనకుండా తిరిగాడు. కమ్లికి కూడా చూపించలేదు.

నేను దవాఖానకు వెళ్లేసరికి కమ్లి మంచం పక్కన కింద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ముప్పై ఏండ్లసంది కాళ్లు చూస్తున్నవు గద సారూ. గీ కాలు నీకు కానరాలేదా?"

నేను ఆమె పక్కనే కింద కూర్చున్నాను.

"ఆయిన్నెందుకంటవే" అన్నాడు లాల్‌సింగ్ మంచం మీద నుంచి. గొంతు నీరసంగా ఉంది. "చూస్తనంటే నేనే చూడనియ్యలే."

"నువ్వు వద్దంటవు. ఆయిన ఊకుంటడు. ఇద్దరు మంచోళ్లే. కాలు పోయింది" అంది కమ్లి. అని ముఖం గోడవైపు తిప్పుకుంది.

తర్వాత ఆయనే అన్నాడు. "ఎడమకాలు పోయినప్పుడు ఎక్కడ పెట్టి పోగొట్టుకున్ననో నాకు ఎర్కనే సారూ. మెడల్ ఇచ్చిండ్రు, దండ ఏసిండ్రు. గిది ఇంట్ల తిరుగుకుంట పోగొట్టుకున్న. జోసెఫ్ మంచిగ చూసుకొమ్మన్న కాలు గిదే."

అప్పుడు ఏడ్చాడు. నేను చూడటం అదే మొదలు, అదే చివర.

లేచి వచ్చేటప్పుడు నా చొక్కా పట్టుకుని ఆపాడు. ఏదో ఆలోచించి పెట్టుకున్నట్టున్నాడు.

"సారూ, మోర్చాల, గోతిల ఉన్నప్పుడు తల పైకెత్తితే తూటా వస్తది. గందుకని కట్టెకు అద్దం కట్టి, కిందికెల్లే అటుదిక్కు చూసెటోళ్లం. నీ కొట్ల గూడ అసొంటిదొకటి కింద పెట్టు. బూటు వచ్చినాయినె ఇప్పుకుంటడు, కాలు అద్దం మీద ఎత్తి పట్టుకుంటడు, నువ్వు పక్కకెల్లి అరికాలు చూస్తవు. ఎవ్వలి కాలు ఎవ్వలు పట్టుడు లేదు. ఆయినకు పాపం లేదు, నీకు పని అయితది."

ఎంత చిన్న సంగతి! క్షౌరశాలల్లో దొరికే మామూలు అద్దం. ముప్పై ఏళ్లలో ఒక్కరోజైనా నాకు తట్టి ఉంటే ఆ కాలు ఆయన ఒంటికే ఉండేది.

మన కర్మశాలలో స్టూలు ముందు నేల మీద, చెక్క చట్రంలో ఒక అద్దం ఉంటుంది కదా. ఇదెందుకని మీరు ముగ్గురూ అడిగారు. ఇందుకు. మనిషి రాగానే ముందు మంచి కాలు అద్దంలో చూడాలి, తర్వాతే లేని కాలి సంగతి. మనిషి బూటు విప్పనంటే కూతురితోనో, భార్యతోనో కాళ్లు కడిగించండి, ఇంటివాళ్లు పట్టుకుంటే ఎవరికీ తప్పనిపించదు. బయట వరుస ఎంత ఉన్నా సరే. ఆ అద్దంలో తర్వాత ఎన్నో పుళ్లు దొరికాయి. గంగారం నుంచి వచ్చిన ఒక రైతు అరికాలిలో విరిగిన తుమ్మముల్లు చీము పట్టి ఉంటే ముందే దొరికింది, ఆయన ఇప్పటికీ రెండు కాళ్లతో వస్తున్నాడు, ఒకటి నాది, ఒకటి ఆయనది. ఆయన దండం పెట్టినప్పుడల్లా నాకు లాల్‌సింగ్ గుర్తొచ్చి ఆ దండం మింగుడుపడేది కాదు.

ఎనిమిదో కాలు

గాయం మానాక అచ్చు తియ్యడానికి తండాకు నేనే వెళ్లాను. మంచం ముందు కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక ప్లాస్టర్ కలుపుతూ ఉండిపోయాను. ఆయన తన కుడి మొండికాలును రెండు చేతులతో ఎత్తి నా ఒళ్లో పెట్టాడు.

"ఇగ గిది గూడ నీ సామానే అయింది సారూ."

నన్ను తేలిక చెయ్యడానికే అన్నాడు. నేను తల ఎత్తలేకపోయాను.

ఆ కాలు నేను చేసినవాటిలో అన్నిటికంటే మంచిది. కాని అరవై దాటిన మనిషి రెండు రబ్బరు పాదాల మీద నిలబడటం నేర్చుకోవడం తేలిక కాదు. వాకిట్లో రెండు వెదురుగడలు కట్టుకుని పదేళ్లు నడిచాడు, గుమ్మం నుంచి దడి వరకు. అంతకుమించి పోలేదు. పొలం కౌలుకిచ్చాడు. కమ్లి పరాచికాలు మానేసింది. ఒకసారి మాత్రం నాకు చాయ్ ఇస్తూ, "ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నడు సారూ" అంది. అని లోపలికి వెళ్లిపోయింది.

పోయిన వానాకాలంలో రెండు రోజులు జ్వరం వచ్చి పోయాడు. జ్యోతి ఫోన్ చేస్తే పొద్దున బస్సుకు బయల్దేరాను. వెళ్లేసరికి స్నానం చేయించి, వాకిట్లో చాప మీద పడుకోబెట్టి, తెల్లబట్ట కప్పారు. కాళ్లు రెండూ లోపల గోడకు ఆనించి ఉన్నాయి. నేను ఒక మూల నిలబడ్డాను.

తండాలో పెద్దలు పోతే ఇంటిల్లిపాదీ కాళ్లకు మొక్కి సాగనంపుతారు. జోసెఫ్ కూతురు ముందుగా వచ్చి, బట్ట చివర వంగి చేతులు చాపింది. అక్కడ చాప తగిలింది. ఆ పిల్ల చేతులు వెనక్కి తీసుకుని, ఎక్కడ మొక్కాలో తెలియక తండ్రి ముఖం చూసింది. వెనకాల మనవలంతా ఆగిపోయారు. జ్యోతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కమ్లి నా వైపు చూసింది. దవాఖానలో ఆ మాట అన్న తర్వాత ఆమె నన్ను అలా సూటిగా చూడటం అదే మొదటిసారి.

"సారూ, కాళ్లు పెట్టు."

ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు. "రబ్బరువి ఎట్ల కాలుస్తరమ్మా?"

"కాల్చుడు తర్వాతి ముచ్చట. తీసినంకనే కాలుద్దురు. పోరగండ్లు మొక్కాలె. ఆళ్ల తాతకు కాళ్లున్నయి" అంది.

లోపలికెళ్లి రెండు కాళ్లూ తెచ్చాను. మొండికాళ్లకు మెత్తటి మేజోళ్లు తొడిగాను, ఇప్పుడు ఒరుసుకునేదేమీ లేకపోయినా. ఏడో కాలు ఎడమకు, ఎనిమిదో కాలు కుడికి. పట్టీలు బిగించి, రెండు పాదాలూ సమంగా చేసి, పైన బట్ట సర్దాను. ఎడమ మడమ సందులో ఎర్రమట్టి ఇంకా ఉంది, పాతది. దాన్ని తుడవలేదు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పాదాలకు మొక్కారు. జ్యోతి మొక్కింది. జోసెఫ్ మొక్కి, పాదాలు పట్టుకుని చాలాసేపు లేవలేదు. కమ్లి చివర వచ్చి కుడిపాదం మీద నుదురు ఆనించింది. లేచి, నా కోసం పక్కకు జరిగి చోటిచ్చింది.

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. నలభై ఏళ్లలో ఆయన కాలు నేనెన్నడూ పట్టుకోలేదు. ఇప్పుడు నా చేతుల్లో ఉన్నది చల్లటి రబ్బరు, నేను పోసిందే, నేను అరగదీసిందే. అయినా రెండు చేతులతో ఆ కుడిపాదం పట్టుకున్నాను. పట్టుకుని కాసేపు అలాగే ఉన్నాను, అలవాటు కొద్దీ ఎదురుచూస్తూ. ఈసారి ఆయన చెయ్యి వచ్చి నా చేతి మీద పడలేదు.